మంచమెత్తు కారు

ఒక ఇంట్లో కారు కొనాలనే మాట పుట్టిందంటే ఇక ఆ ఇల్లు కుదురుగా ఉండదు. వంటింట్లో పోపు మాడినా ఎవరికీ వాసన తెలియదు. దారిన పోయేవాళ్ళు కూడా గుమ్మంలో ఆగి ఒక సలహా చెప్పి మరీ వెళతారు. ఈ సందడి మీలో చాలామంది చూసే ఉంటారు. ఈసారి చూసినప్పుడు ఒక చిన్న పని చేయండి. మాట్లాడేవాళ్ళను వదిలేసి, మాట్లాడకుండా కూర్చున్నవాళ్ళు ఎవరో గమనించండి. ఈ కథ అలా మాట్లాడకుండా కూర్చున్న ఒక పెద్దావిడది.

అది రెండువేల తొమ్మిదో సంవత్సరం, నవంబరు నెల. కలిదిండి దగ్గర ఏలీయాగారి ఇంటి అరుగు మీద ఆదివారం భోజనాల తర్వాత ముగ్గురు మగవాళ్ళు కూర్చున్నారు. ఏలీయా చేపల చెరువుల రైతు. యాభై దాటినవాడు, గట్టి మనిషి, మాట పెద్దది, మనసు మెత్తన. రెండోవాడు ఆయన కొడుకు బాబీ, తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. మూడో ఆయన లక్ష్మీనారాయణ, గూడెంలో రైసుమిల్లు యజమాని. చెరువుల్లో చేపలకు వేసే తవుడు ఆయన మిల్లు నుంచే వస్తుంది. తవుడుతో మొదలైన పరిచయం పాతికేళ్ళలో స్నేహంగా ముదిరింది.

బాబీ ఒళ్ళో ఒక నోటుబుక్కు ఉంది. పేజీ మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడమవైపు ఎస్‌యూవీ అనీ, కుడివైపు క్రాసోవర్ అనీ రాశాడు. ఇంజను బలం, నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు, చక్రాల వెడల్పు, మైలేజీ, అన్నీ వరసగా దించాడు. పరీక్షలకు కూడా వాడు అంత శ్రద్ధగా రాసి ఉండడు.

“రెంటికీ తేడా ఏమిట్రా? చూడ్డానికి రెండూ జీపుల్లాగే ఉన్నాయి కదా” అన్నాడు ఏలీయా.

“కాదు నాన్నా. ఎస్‌యూవీ అంటే కింద లారీకి ఉన్నట్టు ఇనప ఛాసిస్ ఉంటుంది. ఎత్తుగా, గట్టిగా ఉంటుంది. బురదలో నాలుగు చక్రాలూ లాగుతాయి. క్రాసోవర్ అంటే లోపల మామూలు కారే. పైకి జీపులా కనబడుతుందంతే.”

“అంటే బడిపంతులికి పోలీసు టోపీ పెట్టినట్టన్నమాట!” అన్నాడు లక్ష్మీనారాయణ. ముగ్గురూ పగలబడి నవ్వారు. “ఏలీయాగారూ, మీలాంటివారికి పంతులెందుకండీ? ఎస్సైనే తెచ్చుకోండి. ఆరు నెలల క్రితం నేను కొన్నానా, ఇప్పుడు మార్కెట్ యార్డులోకి వెళితే లారీలవాళ్ళే దారిస్తున్నారండి.”

ఏలీయా భార్య శాలిని టీ గ్లాసులు తెచ్చి అరుగు మీద పెట్టి, ఖాళీ పళ్ళెంతో లోపలికి వెళ్ళిపోయింది. నీకెలాంటిది కావాలని ఆమెను ఎవరూ అడగలేదు. అడగాలని వాళ్ళకు తోచనూ లేదు.

గుమ్మం లోపల, పట్టెమంచం మీద హన్నమ్మగారు కూర్చుని ఉన్నారు. ఏలీయాకు తల్లి. డెబ్బై నాలుగేళ్ళు. మోకాళ్ళకు మందు రాసుకుంటూ ఆ మాటలన్నీ వింటున్నారు. కొడుకు నవ్వినప్పుడల్లా ఆవిడా నవ్వుతున్నారు. కొడుకు సంబరం ఆవిడకు ముద్దుగానే ఉంది. అయితే ఎస్‌యూవీ ఎత్తు గురించి మనవడు చదివినప్పుడు మాత్రం ఆవిడ చెయ్యి మోకాలి మీద కాసేపు ఆగిపోయింది.

హన్నమ్మగారు తన జీవితంలో ఎక్కని బండి లేదు. కాపురానికి వచ్చింది కొల్లేటి మీద దోనెలో. భర్త సైకిలు కొన్నప్పుడు, అది కదులుతూ ఉండగానే వెనక క్యారేజీ మీదికి చెంగున ఎగిరి కూర్చునేవారు. “నువ్వెక్కావా లేదా కూడా నాకు తెలియట్లేదే” అనేవారట ఆయన. ట్రాక్టరు వచ్చాక మడ్‌గార్డు మీద కూర్చుని పొలం వెళ్ళారు. మొదటి చెరువు తవ్వి మొదటిసారి చేప పట్టిన రోజున, లారీ డ్రైవరు పక్కన కూర్చుని, చీర నిండా చేపల వాసనతో, ఏలూరు దాకా వెళ్ళి వచ్చారు. ఆ రోజు డ్రైవరు వేసుకున్న చొక్కా రంగు కూడా ఆవిడకు గుర్తే. అన్ని బండ్లెక్కిన ఆ కాళ్ళు ఇప్పుడు అరిగిపోయాయి. మోకాళ్ళలో గుజ్జు లేదనీ, మెట్లు ఎక్కవద్దనీ ఏలూరు డాక్టరుగారు నాలుగేళ్ళ క్రితమే చెప్పారు.

ఇంట్లో ఉన్న పాత అంబాసిడర్ కారు ఎక్కడానికి ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. తలుపు తీసి, కారుకు వీపు పెట్టి నిలబడి, మంచం మీద కూర్చున్నట్టు మెల్లగా సీటు మీద కూర్చునేవారు. తర్వాత ఒక్కొక్క కాలూ చేత్తో పట్టుకుని లోపలికి తిప్పుకునేవారు. దిగేటప్పుడు సీటు పల్లం కాబట్టి శాలిని చెయ్యి పట్టి లేపేది. అలా ఆదివారం గుడికీ, ప్రతి నెలా మొదటి శనివారం డ్రైవరును పెట్టుకుని ఏలూరుకూ వెళ్ళి వచ్చేవారు.

ఏలూరులో ఆవిడ అక్క సూరమ్మ ఉంది. ఎనభై ఏళ్ళు. రెండేళ్ళ క్రితం పెరట్లో జారిపడి తుంటి విరిగి, అప్పటినుంచీ మంచం మీదే. తోడబుట్టిన ఆరుగురిలో మిగిలింది ఈ ఇద్దరే. నెలకొకసారి హన్నమ్మగారు వెళ్ళి అక్క తల దువ్వి, జడ వేసి, ఇద్దరూ ఒక పళ్ళెంలో తిని, పాత పాటలు పాడుకుని సాయంత్రానికి తిరిగి వచ్చేవారు. బస్సు ఎక్కడం ఆవిడ వల్ల కాదు. అక్కను చూడాలంటే ఆ పాత కారు ఒక్కటే దారి. కొత్త కారు కొంటే ఆ పాత కారును షోరూము వాళ్ళే ఎక్స్ఛేంజి కింద తీసుకుపోతారు.

తర్వాతి శనివారం షోరూము నుంచి రెండు బండ్లూ ఇంటికే వచ్చాయి, నడిపి చూసుకోమని. నల్లగా నిగనిగలాడుతూ ఎస్‌యూవీ ముందు, దాని వెనక బూడిద రంగు క్రాసోవర్. వీధి వీధంతా గుమిగూడింది. పిల్లలు నల్లబండి తలుపులో తమ మొహాలు చూసుకుని పళ్ళు ఇకిలించారు. లక్ష్మీనారాయణ పొద్దున్నే గూడెం నుంచి వచ్చి, పెళ్ళికొడుకు తరఫు పెద్దలా మధ్యలో నిలబడ్డాడు.

ఏలీయా నల్లబండి ఎక్కి స్టీరింగు పట్టుకున్నాడు. అంత ఎత్తు నుంచి చూస్తే తన వీధే తనకు కొత్తగా కనిపించింది. బాబీ పక్క సీట్లోకి ఒక్క గెంతులో ఎక్కాడు. లక్ష్మీనారాయణ వెనక కూర్చుని, “చూశారా, సింహాసనం!” అన్నాడు.

“అమ్మా, రా! నువ్వూ ఎక్కు, ఒక రౌండు తిరిగొద్దాం” అని పిలిచాడు ఏలీయా, వెనక్కి తిరగకుండానే. ఏసీ మీటలు ఎలా తిప్పాలో బాబీ చెబుతుంటే వింటున్నాడు.

హన్నమ్మగారు చీర సర్దుకుని వెళ్ళారు. తనకు తెలిసిన పద్ధతిలో వీపు పెట్టి నిలబడి చూస్తే సీటు ఎక్కడో నడుము దగ్గర తగిలింది. సరే, అందరిలా ముందునుంచే ఎక్కుదామని ఫుట్‌బోర్డు మీద కుడికాలు పెట్టి, లోపలి పిడి పట్టుకున్నారు. చేతులు లాగాయి. ఒళ్ళు లేవలేదు. మోకాలిలో ఏదో కటుక్కుమంది. ఇంకోసారి ప్రయత్నించారు. తర్వాత మెల్లగా కాలు కిందికి దించేసుకున్నారు.

“నేను తర్వాత ఎక్కుతాలేరా. పొయ్యి మీద పాలున్నాయి. మీరు వెళ్ళి రండి” అన్నారు.

“సరే అయితే” అని తలుపు వేసేశారు. బండి వెళ్ళిపోయింది.

గుమ్మంలో నిలబడ్డ శాలినికి పొయ్యి మీద పాలు లేవని తెలుసు. “అత్తయ్యగారూ...” అంది.

“ఊరుకో అమ్మాయ్. వాడికి చెప్పకు. చిన్నప్పుడు గాలిపటం ఎగరేసినప్పుడు ఉండేది వాడి మొహం అలాగ. మళ్ళీ ఇన్నాళ్ళకి చూశాను. నా మోకాళ్ళ మాట చెప్పి ఆ మొహం చిన్నబుచ్చమంటావా?”

“ఎక్కలేకపోతే ఎలాగండీ మరి? ఏలూరు ఎలా వెళతారు?”

“చూద్దాంలే. ఆయనే చూపిస్తాడు ఏదో దారి” అని పైకి చూపించి లోపలికి వెళ్ళిపోయారు.

మగవాళ్ళు తిరిగి వచ్చి లోపల టిఫిన్లు చేస్తున్నప్పుడు హన్నమ్మగారు ఒక పని చేశారు. అరుగు గోడకు ఆనించి చెరువుల్లో నీటిలోతు చూసే వెదురు కర్ర ఉంది. దాన్ని తీసుకుని తన పట్టెమంచం పక్కన నిలబెట్టి, మంచం ఎత్తు దగ్గర ఒక ఎర్ర దారం కట్టారు. తర్వాత బయటకు తీసుకెళ్ళి, తీసి ఉన్న తలుపు దగ్గర నల్లబండి సీటుకు ఆనించి, అక్కడ ఇంకో దారం కట్టారు. రెండు దారాలకూ మధ్య చెయ్యి పెట్టి కొలిచారు. జానెడు మీద బెత్తెడు ఉంది. ఏలీయా దగ్గర చెరువుల పని చూసే యాకోబు అప్పుడే కర్ర కోసం వచ్చి ఇదంతా చూశాడు.

“ఏంటండమ్మగారూ అది?”

“ఏం లేదురా. ఇంత పైకి లేవాలంటే నన్ను ప్రభువే లేపాలి, అదీ సంగతి. ఎవరితోనూ అనకు” అని నవ్వేసి కర్ర అతని చేతికిచ్చారు.

టిఫిన్ల తర్వాత బూడిద రంగు బండిని వీధి మలుపు దాకా తిప్పి తెచ్చారు. దాని తలుపు తీసినప్పుడు హన్నమ్మగారికి దూరం నుంచే సీటు కనిపించింది. పల్లంగా లేదు, మరీ ఎత్తుగానూ లేదు. ఒకసారి కూర్చుని చూద్దామని అరుగు మెట్టు దిగి, గోడ పట్టుకుని నడుస్తూ గేటు దాకా వెళ్ళారు. ఈలోగా లక్ష్మీనారాయణ, “ఇందులో మీరు దిగినా ఎవరూ తల తిప్పి చూడరండీ” అనేశాడు. “నిజమే, మరీ కారులా ఉంది” అన్నాడు ఏలీయా. బాబీ నోటుబుక్కులో కుడివైపు అంతా కొట్టేశాడు. ఆవిడ గేటు చేరేసరికి షోరూము డ్రైవరు తలుపు వేసి, నమస్కారం పెట్టి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఇంట్లో చెడ్డవాళ్ళెవరూ లేరు. తల్లికి జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చునే కొడుకు ఏలీయా. అయినా ఆ రోజు ఆవిడ గేటు దాకా ఎందుకు నడిచి వచ్చారో ఒక్కరూ అడగలేదు. మనకు ప్రేమ ఉన్నచోట అడగడం అక్కర్లేదనుకుంటాం. వాళ్ళకేం కావాలో మనకు తెలుసనుకుంటాం. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ కోరికలు చాలా వరకు ఈ అనుకోవడం కిందే నలిగిపోతున్నాయి.

డిసెంబరు మొదటి శనివారం హన్నమ్మగారు పాత కారులో ఏలూరు వెళ్ళారు. ఆ సోమవారం ఏలీయా నల్లబండికి అడ్వాన్సు కట్టబోతున్నాడు. ఆవిడ అక్క పక్కన కూర్చుని, కొబ్బరినూనె రాసి, తల దువ్వడం మొదలుపెట్టారు. దువ్విన తలే మళ్ళీ దువ్వారు.

“ఏమేవ్, ఆరు నెలలకి సరిపడా దువ్వేస్తున్నావు. ఎక్కడికన్నా పోతున్నావా ఏంటి?” అంది సూరమ్మ. కాళ్ళు కదలకపోయినా ఆవిడ నోటికి ఏ జబ్బూ లేదు.

“మావాడు పెద్ద కారు కొంటున్నాడే అక్కా. ఏనుగంత ఉంది.”

“మావటివాణ్ణి కూడా కొనమను, నిన్నెక్కించడానికి!”

చెల్లెలు నవ్వలేదు. సూరమ్మ కళ్ళు చిట్లించి చూసింది. దువ్వెన పట్టుకున్న చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది.

“ఎక్కలేవా?”

హన్నమ్మగారు తల అడ్డంగా ఊపారు.

“మీ ఏలీయాకి చెప్పలేదూ?”

“ఇన్నాళ్ళు కష్టపడి వాడు సరదాగా కొనుక్కుంటున్నది అదొక్కటేనే. నాకోసం మానుకోమని ఏ నోటితో చెప్పను? పోనీలే, ఫోన్లో మాట్లాడుకుందాం.”

“ఫోన్లో జడెయ్యగలవా?” అంది సూరమ్మ.  వచ్చేటప్పుడు అక్కకు ఇష్టమని కాల్చి తెచ్చిన చేపముక్క పళ్ళెంలో అలాగే చల్లారిపోయింది.

సోమవారం పొద్దున్న షోరూముకు బయలుదేరే ముందు ఏలీయా చెరువు దగ్గరకు వెళ్ళాడు. చేపలు కొనే వ్యాపారి ఒక చేప సుమారుగా ఎంత బరువు తూగుతుందో ఆ రోజే చెప్పమన్నాడు. అలాంటప్పుడు విసురువల వేసి, పడిన కాసిని చేపల్నీ తూచి, చెరువంతటి లెక్కా ఊహిస్తారు. చెరువులో వరసగా పాతిన గెడలకు చిల్లులున్న తవుడు సంచులు వేలాడుతున్నాయి. చేపలు గుంపులుగా వచ్చి సంచుల్ని పొడుచుకు తింటున్నాయి.

“ఇక్కడే సంచి పక్కన వెయ్యవయ్యా యాకోబూ, త్వరగా తేలిపోతుంది. నేను షోరూముకి వెళ్ళాలి” అన్నాడు ఏలీయా, వాచీ చూసుకుంటూ.

యాకోబు వల భుజాన వేసుకుని కదల్లేదు. “ఇక్కడ వద్దండి బాబుగారూ. సంచి దగ్గరికి ఒంట్లో సత్తువున్న చేపే ముందొస్తాదండి. ఇక్కడేస్తే అన్నీ రెండేసి కేజీలు తూగుతాయి. మనం మురిసిపోతాం. చెరువంతా పట్టాక గదండీ ఏడుపు! అదిగో, తూము మూలకి పదండి. తోసుకు రాలేనివన్నీ అక్కడుంటాయి. వాటిని చూత్తేనే చెరువు సంగతి తెలిసేది.”

తూము మూల వల వేశారు. పడిన చేపలు చిన్నవి, సన్నవి. ఒకటి రెక్క దగ్గర పుండుతో ఉంది. తన చెరువులోనే ఇలాంటి చేపలు ఉన్నాయని ఏలీయాకు అప్పటిదాకా తెలియదు.

యాకోబు అక్కడ నీటిలోతు చూడడానికి వెదురు కర్ర దించాడు. పైకి తీస్తే దాని మీద రెండు ఎర్ర దారాలు కనిపించాయి.

“ఆ దారాలేంటి? గుర్తులు రంగుతో వేశాం కదా” అన్నాడు ఏలీయా.

యాకోబు కాసేపు నసిగాడు. “చెప్పొద్దన్నారండి అమ్మగారు. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నా. ఈ కింది దారం అమ్మగారి మంచం ఎత్తండి. పై దారం మీరు చూసిన నల్లకారు సీటండి. మొన్న ఎక్కబోయి ఎక్కలేకపోయారంట.”

ఏలీయా ఆ కర్ర చేతిలోకి తీసుకున్నాడు. రెండు దారాలకూ మధ్య చెయ్యి పెట్టి చూశాడు. జానెడు మీద బెత్తెడు. పొయ్యి మీద పాలున్నాయన్న మాట గుర్తొచ్చింది. బూడిద రంగు బండి వెళ్ళిపోతుంటే గేటు దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డ మనిషి గుర్తొచ్చింది. ఆ రోజు రెండు బండ్లూ ఎక్కి చూసింది ఎవరెవరని ఆలోచించుకున్నాడు. తను, బాబీ, లక్ష్మీనారాయణ. కాళ్ళలో సత్తువున్న ముగ్గురు!

వ్యాపారికి తూము మూల బరువే చెప్పమని యాకోబుతో అని, కర్ర భుజాన వేసుకుని మోటారుసైకిలు ఎక్కాడు. షోరూముకు వెళ్ళలేదు. ఇంటికి వచ్చాడు.

“అమ్మా, ఇదేంటి?” అని కర్ర చూపించాడు.

హన్నమ్మగారు దొంగతనం బయటపడ్డ పిల్లలా తల దించుకున్నారు. “ఆ యాకోబు నోట్లో నువ్వుగింజ నానదు కదరా.”

“ఎక్కలేనని నాకొక్క మాట చెప్పొచ్చు కదమ్మా!”

“నువ్వొక్క మాట అడగొచ్చు కదరా?”

ఆవిడ కోపంగా అనలేదు. మామూలుగా, నవ్వుతూనే అన్నారు. ఏలీయా మంచం పక్కన నేల మీద కూలబడి, తల్లి మోకాలి మీద చెయ్యి వేశాడు. అది ఎంత వాచి ఉందో అప్పుడే చూశాడు.

“నువ్వు ఎక్కని కారు నాకెందుకమ్మా?”

“అలా అనకు. నీ ముచ్చట నాకు తెలియదా? నేను ముసలిదాన్ని. ఇంకెన్నాళ్ళు ఎక్కుతాను?”

“ఎన్నాళ్ళయితే అన్నాళ్ళు” అన్నాడు ఏలీయా. ఆ మాట కాస్త గట్టిగానే అన్నాడు. వంటింట్లో నుంచి శాలిని కళ్ళు ఒత్తుకుంటూ తొంగి చూసింది.

ఆ వారంలోనే రెండు బండ్లూ మళ్ళీ వచ్చాయి. ఈసారి బాబీ కొత్త పేజీ తీశాడు. తండ్రి చెప్పినట్టు ఇంజను సంగతి తర్వాత రాద్దామని పక్కన పెట్టి, పై వరసలో “మామ్మ” అనీ, దాని కింద “అమ్మ” అనీ రాశాడు. హన్నమ్మగారు బూడిద రంగు బండికి వీపు పెట్టి నిలబడ్డారు. మెల్లగా వెనక్కి వాలారు. సీటు సరిగ్గా వచ్చి ఆవిణ్ణి అందుకుంది. కాళ్ళు ఒకటొకటిగా లోపలికి తిప్పుకున్నారు. మళ్ళీ బయటకు తిప్పి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడ్డారు. పాత కారులో లేవడానికి శాలిని సాయం కావాల్సి వచ్చేది. ఇందులో ఆ అవసరం కూడా రాలేదు.

“మంచం మీద కూర్చున్నట్టే ఉందిరా!” అన్నారు. ఆ మొహం చూసి బాబీ రాయడం మరిచిపోయాడు.

ఇక ఆవిడను ఆపడం ఎవరి తరమూ కాలేదు. కిటికీలోంచి కొల్లేటి పక్షులు కనబడతాయా అని తల తిప్పి చూశారు. ఏసీ గాలి మోకాళ్ళకు తగులుతోందని రాయించారు. వెనక ముగ్గురు కూర్చుంటే మధ్యలోవాడికి ఇరుకనీ, ఆ మధ్యలో మనవణ్ణే కూర్చోబెట్టాలనీ రాయించారు. నల్లబండిని కూడా వదల్లేదు. “దీన్ని తిట్టకండిరా. మంచి బండే. కాళ్ళున్నవాళ్ళకి” అన్నారు.

“నీకేం కావాలి శాలినీ?” అని అడిగాడు ఏలీయా. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళకు.

శాలిని కొంగు వేలికి చుట్టుకుంది. “నాకు నడపడం నేర్చుకోవాలనుందండి. మొన్న మీరంతా లోపలున్నప్పుడు నల్లబండిలో కూర్చుని చూశాను. ముందు బానెట్ తప్ప రోడ్డు కనబడలేదు. ఇందులో కనబడుతోంది.”

తండ్రీకొడుకులు నోళ్ళు తెరిచారు. “అయితే డ్రైవరు జీతం మిగిలింది!” అంటూ హన్నమ్మగారు చప్పట్లు కొట్టారు.

లక్ష్మీనారాయణ కూడా ఆ రోజు వచ్చాడు. వస్తూనే, “ఏంటండీ, ఎస్సైగారిని కాదని పంతుల్ని తెచ్చుకుంటున్నారట!” అని మొదలుపెట్టాడు. “ఆ చెరువు గట్లమీద ఈ పంతులు నడుస్తాడా?”

“గట్టు మీద నేనెప్పుడూ మోటారుసైకిలే కదండీ” అన్నాడు ఏలీయా. “కారులో తిరిగేది తారురోడ్డు మీద. ఎక్కేది అమ్మ. బురద గురించి అంతసేపు ఎందుకు మాట్లాడుకున్నామో ఇప్పుడు నాకే తెలియట్లేదు.” తర్వాత దారాల సంగతంతా చెప్పాడు.

లక్ష్మీనారాయణ నవ్వుతూ వినడం మొదలుపెట్టి, నవ్వు మానేశాడు. అరుగు అంచున కూర్చున్నాడు. “మా ఇంటావిడ బాలాత్రిపురసుందరి ఆరు నెలల్లో ఒకే ఒక్కసారి మా కారెక్కిందండీ” అన్నాడు. “పెద్దకార్లు నాకు పడవండీ, తల తిరుగుతుంది అంటుంది. అన్నవరం రమ్మన్నా రాలేదు. చాదస్తమనుకున్నాను. దానికీ నడుంనొప్పి ఉంది... నేనెప్పుడూ అడగలేదండీ.”

“ఇప్పుడడగండి నాయనా. ఆలస్యమేం కాలేదు” అన్నారు హన్నమ్మగారు.

టీ కూడా తాగకుండా ఆయన లేచి గూడెం వెళ్ళిపోయాడు.

బూడిద రంగు బండి ఇంటికి వచ్చిన మర్నాడే, మొదటి శనివారం కాకపోయినా, ఏలూరు వెళ్ళారు. ఏలీయా నడిపాడు. సూరమ్మ మంచం మీద నుంచే, గుమ్మంలోకి వచ్చిన చెల్లెల్ని చూసి, “ఏనుగేదే?” అని అడిగింది. “మంచమెత్తు కారు తెచ్చాడే అక్కా” అన్నారు హన్నమ్మగారు, దువ్వెన అందుకుంటూ. ఆ రోజు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్క ముక్క మిగల్చకుండా పళ్ళెం ఖాళీ చేశారు.

కొత్త బండి కొన్నవాళ్ళు ఆదివారం గుడికి తెచ్చి, పాస్టరుగారిచేత ప్రార్థన చేయించుకుని, సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పడం అక్కడి క్రైస్తవుల ఆనవాయితీ. దేవుడు ఇంత ఇచ్చాడు, అంత ఇచ్చాడు అని చెప్పి కానుక వేసి కూర్చుంటారు. ఆ ఆదివారం ఏలీయా లేచి నిలబడితే అందరూ అదే వింటామనుకున్నారు.

“దేవుడు నాకు కారిచ్చాడు, ఆయనకు వందనాలు” అని మొదలుపెట్టాడు ఏలీయా. “కానీ ఈ రోజు నా తప్పు చెప్పుకుందామని నిలబడ్డానండి. నెల రోజులు నేను కార్లను పోల్చి చూశాను. ఏది ఎత్తు, ఏది గొప్ప, ఎందులో దిగితే నలుగురూ చూస్తారు, అన్నీ చూశాను. మా అమ్మ ఎక్కగలదా అని మాత్రం చూడలేదు. ఆవిడ నా సంతోషం కోసం, తన అక్కను చూడడమే మానుకోవడానికి సిద్ధపడింది. నేను చెడ్డవాణ్ణి కాదండి. అడగలేదు, అంతే. అడక్కపోవడం ఇంత పెద్ద తప్పని నాకు తెలియదు.”

 పాస్టరుగారు బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“ఇంకొక్క మాట. మన గుడికి ఐదు మెట్లున్నాయి. పట్టుకోవడానికి పక్కన ఒక కడ్డీ లేదు. పోయినేడు దాకా ముందు వరసలో కూర్చునే యేసమ్మగారు ఇప్పుడు రావడం లేదు. భక్తి తగ్గిందని మనమే అనుకున్నాం. ఆవిడకు తగ్గింది భక్తో, కాళ్ళో, మనలో ఎవరైనా వెళ్ళి అడిగామా? నా కానుక ఈ రోజు డబ్బు కాదండి. ఆ మెట్ల పక్కన ఏటవాలు దారీ, కడ్డీ నేను కట్టిస్తాను. కట్టే ముందు యేసమ్మగారిని అడిగి, ఆవిడ చెయ్యి ఎంత ఎత్తుకు అందుతుందో కొలుచుకుని మరీ కట్టిస్తాను.”

ఆడవాళ్ళ వైపు వెనక వరసలో హన్నమ్మగారు కొంగుతో మొహం కప్పుకున్నారు. పక్కన శాలిని ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఏలీయా వాళ్ళ వైపు తిరిగి, సాక్ష్యం ముగించాడు.

“కారు కొన్నా, ఇల్లు కట్టినా, గుడి కట్టినా, ముందుగా అడగవలసింది మనందరిలో నెమ్మదిగా నడిచే మనిషిని.”